జేబులు వెతికిన పిల్ల, ఏడవని పిల్లాడు

మా పెళ్ళయిన పదకొండో ఏట, మా ఆయనకు ఆఫీసులో ఇంకొకావిడతో సంబంధం ఉందని తెలిసింది. ఎలా తెలిసిందన్నది అంత ముఖ్యం కాదు. ఈ రోజుల్లో ఎవరికైనా ఫోనులోనే తెలుస్తుంది. ఆ తర్వాత ఏడాదికి పైగా మేమిద్దరం హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళాం. అక్కడ ఏం అడిగారు, ఏం బయటపడింది, ఏది మారింది, ఏది మారలేదు అన్నది రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మన ఇళ్ళల్లో ఈ విషయం వస్తే "వదిలెయ్" అని కొందరంటారు, "సర్దుకుపో" అని మిగతావాళ్ళంటారు. ఈ రెండు మాటల మధ్య చెయ్యాల్సిన పని చాలా ఉంది. అది ఫలానా అని చెప్పేవాళ్ళు నాకు అప్పట్లో ఒక్కరూ దొరకలేదు.

ముందు పెద్దవాళ్ళ పంచాయితీ జరిగింది. మా హాల్లో అత్తయ్య, మామయ్య, మా ఆయన మేనమామ, మా అమ్మ, పెద్దమ్మ కూర్చున్నారు. "ఆడది తిరిగి చెడితే మగాడు తిరక్క చెడ్డాడని ఊరికే అన్నారా" అని పెద్దమ్మ నవ్వుతూ అంది. ఆ సామెత అంత నీచమైన మాట మన భాషలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. మేనమామ అయితే ఆ అమ్మాయి ఎవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీశాడు, అక్కడేదో తెగ్గొడితే ఇక్కడ అతుక్కుంటుందన్నట్టు. మా ఆయన తల దించుకుని "ఇంక జరగదు" అన్నాడు. అందరూ కాఫీలు తాగారు. తర్వాత వంటింట్లో మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "నేను పడలా?" అంది.

ఓదార్పుగానే అంది. మా నాన్నకు చిలకలూరిపేటలో రెండో ఇల్లు ఉండేది. వారంలో మూడు రోజులు అక్కడ, నాలుగు రోజులు మా దగ్గర. ఊరందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవారు కాదు. అమ్మ ఆ మాట అన్నప్పుడు, ఆవిడ ముప్పై ఏళ్ళు మోసినదాన్ని నా చేతిలో పెడుతున్నట్టనిపించింది. నేను దాన్ని తీసుకోను, తీసుకుని నా కొడుక్కి అందించను అని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

లాయరునూ కలిశాను. కొంతమందికి ఇంకా తెలియని సంగతి కాబట్టి రాస్తున్నాను. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షనును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. అంటే దాని మీద పోలీసు కేసు ఉండదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను కింద విడాకులకు మాత్రం అది ఇప్పటికీ కారణమే. ఆ దారి తెరిచే ఉందని తెలుసుకున్నాక నాకు కొంచెం ఊపిరి ఆడింది. వెళ్ళిపోగలనన్న ధైర్యం ఉన్నప్పుడే, ఉండాలా వద్దా అన్నది నిజంగా ఆలోచించగలుగుతాం.

కౌన్సెలింగ్ అంటే బోర్డు పెట్టుకున్న ప్రతివాడి దగ్గరకూ పోకూడదని నా స్నేహితురాలు హెచ్చరించింది. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగితే చూపించాలి. డబ్బుకు ఇబ్బంది అయినవాళ్ళు, ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలుననుకున్నవాళ్ళు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను నంబరు 14416కి ఫోన్ చెయ్యొచ్చు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒక రాత్రి రెండింటికి నేనూ చేశాను. అవతల గొంతు తెలుగులో "చెప్పండమ్మా" అన్నప్పుడు ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

మేం వెళ్ళిన మేడమ్ మొదట మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టారు. తర్వాత కలిపి. కలిపి కూర్చున్న మొదటిరోజే ఆవిడ రెండు షరతులు పెట్టారు. ఒకటి, ఆ సంబంధం పూర్తిగా ఆగాలి. అది నడుస్తుండగా ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ చెయ్యనన్నారు. రెండు, జరిగింది విడతలు విడతలుగా బయటపెట్టకూడదు. నేను ఇంట్లో కూర్చుని ప్రశ్నలన్నీ కాగితం మీద రాశాను. మేడమ్ అవన్నీ చదివి, "ఈ సమాధానం వింటే మీకు ఏదైనా తేలుతుందా, లేక రాత్రుళ్ళు కళ్ళముందు తిరుగుతుందా?" అని ఒక్కొక్కటే అడిగారు. కొన్ని నేనే కొట్టేసుకున్నాను. మిగిలినవాటికి ఆయన ఆ గదిలో, నా ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాడు.

ఆ జవాబుల్లో నన్ను ఎక్కువ కుంగదీసింది మీరు ఊహించేది కాదు. ఆ ఏడాది ఆయన ప్రాజెక్టు పోయింది. పనేమీ ఇవ్వకుండా ఖాళీగా, వాళ్ళ భాషలో 'బెంచ్' మీద కూర్చోబెట్టారు. ఆర్నెల్లపాటు, ఏ శుక్రవారం సాయంత్రం హెచ్ఆర్ పిలుస్తుందోనన్న భయంతో ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. నాకు తెలియదు. ఒకే మంచం మీద పడుకుంటూ, ఒకే ఈఎంఐ కడుతూ నాకు తెలియదు. ఆ ఆఫీసు ఆవిడకు తెలుసు. ఆవిడతో అన్నీ అక్కడే మొదలయ్యాయి, క్యాంటీన్లో, ఆ భయం చెప్పుకోవడంతో.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నీకు చెబితే నువ్వు బాధపడతావని."

మేడమ్ ఆ వాక్యాన్ని తన పుస్తకంలో రాసుకున్నారు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

కొన్ని వారాల తర్వాత ఆవిడ మమ్మల్ని ఒక పని చెయ్యమన్నారు. చిన్నప్పుడు మీకు మీ అమ్మతో ఉన్న అనుబంధాన్ని ఐదు మాటల్లో చెప్పండి, తర్వాత ఒక్కో మాటకీ జరిగిన సంగతి ఒకటి చెప్పండి, నాన్న గురించి కూడా అలాగే. ఇది ఆవిడ సొంతంగా పెట్టిన ప్రశ్న కాదు. అమెరికాలో బర్క్‌లీలో మేరీ మెయిన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1980లలో తయారుచేసిన ఇంటర్వ్యూలో ఉన్నది. ఏ మాట ఎంచుకున్నామన్నది కాదట అందులో చూసేది. ఆ మాటకు తగ్గ సంఘటన మనిషికి గుర్తొస్తుందా లేదా, చెప్పేటప్పుడు మాటకీ సంగతికీ పొంతన ఉందా లేదా అని చూస్తారట.

మా ఆయన క్షణం తడుముకోకుండా చెప్పాడు. "ప్రేమ, త్యాగం, కష్టం, క్రమశిక్షణ, దేవత."

"ప్రేమ అన్నారు కదా. చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పండి."

"అమ్మ ఎప్పుడూ ప్రేమగానే ఉండేది మేడమ్."

"ఏదైనా ఒక రోజు?"

చాలాసేపు ఏమీ రాలేదు. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. చివరికి, "ఔటింగ్ రోజు సున్నుండలు తెచ్చేది" అన్నాడు. ఆరో తరగతిలో ఆయన్ని విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. పదకొండేళ్ళు. నెలకోసారి ఔటింగ్, ఆదివారం కాయిన్ బాక్స్ దగ్గర లైన్లో నిలబడి రెండు నిమిషాల ఫోన్. మిగతా పిల్లలు గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఈయన ఒక్కడే ఏడవలేదట. "మా వాడు బంగారం, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు" అని మామయ్య ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతారు. ఆ కథ నేనే ఎన్నోసార్లు విన్నాను, నేనూ మెచ్చుకున్నాను.

ఏడో తరగతిలో పచ్చకామెర్లు వచ్చాయట. ఆ సంగతి ఆయన గర్వంగానే చెప్పాడు. వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తానంటే వద్దని బతిమాలుకున్నాడట. సిక్ రూములో ఒక్కడే పడుకుని, గ్లూకోజు నీళ్ళు తాగుతూ, క్వార్టర్లీ పరీక్షలకు చదువుకున్నాడట.

"ఎందుకు వద్దన్నారు?" అని మేడమ్ అడిగారు.

"చెబితే అమ్మ బాధపడుతుందని. నాన్నకు రెండు రోజులు పని పోతుందని."

మేడమ్ పుస్తకం వెనక్కి తిప్పి, ఆయన నాతో అన్న వాక్యాన్ని చదివారు. ఇంకేమీ అనలేదు. మా ఆయన ముఖం చూశాను. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం అదే నేను మొదటిసారి చూడటం.

ఆ రోజు తర్వాత నేను ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను. చిన్నప్పుడు పెంచినవాళ్ళతో ఉన్న అనుబంధం తీరు పెద్దయ్యాక కూడా మనతో వస్తుందనే ఈ ఆలోచనను అటాచ్‌మెంట్ థియరీ అంటారు. దీనికి ఆద్యుడు జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు. ఆయన్ని చిన్నప్పుడు ఇంట్లో ఆయా పెంచింది, ఆయనకు నాలుగేళ్ళు వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఆయన్నీ బోర్డింగ్ స్కూలుకు పంపారు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లుల్నీ పసిపిల్లల్నీ ఇళ్ళకు వెళ్ళి గమనించింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోరులో ఒక ప్రయోగం చేసింది. ఏడాది వయసు పిల్లను బొమ్మలున్న గదిలో తల్లితో కూర్చోబెడతారు. తల్లి కాసేపు బయటకు వెళ్ళి వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల పని. తల్లి వెళ్ళడం కంటే తిరిగొచ్చినప్పుడు పిల్ల ఏం చేస్తుందన్నదే ముఖ్యం. కొందరు ఏడ్చి, తల్లి ఎత్తుకోగానే సద్దుమణిగి మళ్ళీ ఆటలో పడతారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోరు, అతుక్కుంటారు, కోపంగా తోసేస్తారు. కొందరు అసలు ఏడవరు. తల్లి వచ్చినా తలెత్తరు, బొమ్మతో ఆడుకుంటూనే ఉంటారు.

ఆ ఏడవని పిల్లలను చూసి బుద్ధిమంతులనే అనుకుంటాం. అయితే తర్వాత వాళ్ళ గుండె కొట్టుకునే వేగం కొలిచిన పరిశోధకులకు, ఏడ్చే పిల్లల గుండెలాగే వాళ్ళ గుండె కూడా వేగంగా కొట్టుకుంటోందని తెలిసింది. భయం అందరిదీ ఒకటే. చూపిస్తే లాభం లేదని వీళ్ళు అప్పటికే నేర్చేసుకున్నారు. ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు వరండాలో కూర్చున్నాను. గేటు దగ్గర చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయిన ఆ పిల్లాడి గుండె మీద ఆ రోజు ఎవరైనా చెయ్యి వేసి చూసుంటే ఎలా ఉండేదో అనిపించింది.

అలాగని జాలితో అంతా మాఫీ అయిపోలేదు. అవనివ్వకూడదు కూడా. ఒక సెషన్లో మా ఆయన "నా పెంపకం వల్లే ఇలా అయ్యానేమో" అనగానే మేడమ్ ఆపారు. "పన్నెండేళ్ళ పిల్లాడు చెప్పలేకపోయాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి చెప్పకూడదని నిర్ణయించుకున్నాడు. మొదటిది మీకు జరిగింది. రెండోది మీరు చేసింది." ఆ మాట ఆవిడ అనకపోయి ఉంటే నేను మర్నాటి నుంచి వెళ్ళేదాన్ని కాదు. మా మరిది కూడా అదే హాస్టల్లో చదివాడు, తన భార్యను ఎన్నడూ మోసం చెయ్యలేదు.

శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు అదే. సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు 1987లో, పసిపిల్లల్లో కనిపించిన ఈ మూడు తీరులూ పెద్దవాళ్ళ ప్రేమల్లోనూ కనిపిస్తాయని చూపించారు. వాళ్ళు అడిగినవాళ్ళలో సగానికి పైగా, 56 శాతం మంది, నిశ్చింతగా దగ్గరవగలిగినవాళ్ళే. దగ్గరితనం అంటే దూరం జరిగేవాళ్ళు 25 శాతం, వదిలేస్తారేమోనని అల్లాడేవాళ్ళు 19 శాతం. 2011లో నేథన్ డివాల్ బృందం అచ్చువేసిన ఎనిమిది అధ్యయనాల్లో, దూరం జరిగే తీరు ఉన్నవాళ్ళు బయటి ఆకర్షణలవైపు ఎక్కువ మొగ్గు చూపినట్టు తేలింది. మొగ్గు అన్నమాటే. విధి కాదు. అమెరికాలోని మినెసోటాలో 1970ల నుంచి ఒక తరం పిల్లల్ని పుట్టుక దగ్గర్నుంచి పెద్దయ్యేదాకా వెంటాడి చూసినవాళ్ళు కూడా, చిన్నప్పటి అనుబంధం బలమైనదేగానీ తర్వాత దొరికే మంచి బంధాలు దాన్ని మారుస్తాయనే చెప్పారు. ఇంటర్నెట్‌లో పది ప్రశ్నల క్విజ్ చేసి "మా ఆయన అవాయిడెంట్", అంటే దూరం జరిగే రకం, అని ముద్రేసేవాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది. ముద్ర వేశాక మనిషిని చూడటం మానేస్తాం.

ఇంక నా ఐదు మాటలు. నాన్న గురించి నేను మొదట చెప్పిన మాట "సరదా". రెండోది "స్కూటరు". అది అనుబంధం కాదు కదా అని మేడమ్ అనలేదు, చెప్పమన్నారు. గురువారం సాయంత్రం నాన్న చేతక్ స్కూటరు సందు మలుపు తిరిగే చప్పుడు కోసం అమ్మా నేనూ ఎదురుచూసేవాళ్ళం. ఆ చప్పుడు వస్తే ఇంట్లో పండగ. చీకటి పడ్డా రాకపోతే అమ్మ అన్నం తినేది కాదు, నేనూ తినేదాన్ని కాదు. వచ్చిన మర్నాడు చాకలికి బట్టలు వేసేముందు ఆయన చొక్కా జేబులు వెతకడం నా పని. ఎనిమిదేళ్ళ పిల్లను. బస్సు టిక్కెట్లు, చీరల కొట్టు బిల్లు, ఒకసారి చిన్నపిల్ల గాజుల చీటీ. అవన్నీ అమ్మకు ఇచ్చేదాన్ని. అమ్మ వాటిని పోపుల డబ్బా కింద పెట్టేది. ఏం చేసేదో, ఎవరికి చూపించేదో నాకు తెలియదు.

పెళ్ళయ్యాక నాలో ఒక చెవి ఎప్పుడూ గుమ్మం వైపే ఉండేది. ఆయన ఐదు నిమిషాలు ఆలస్యమైతే కడుపులో దేవినట్టయ్యేది. ఆయన సంబంధం సంగతి తెలియగానే మా అత్తయ్య, "చూశావా, నీ అనుమానం వల్లే వాడు దూరమయ్యాడు" అన్నారు. నాకూ ఆ శంక ఉండేది. మేడమ్ దగ్గర అడిగేశాను. "మీ భయం మీ కాపురాన్ని కష్టపెట్టి ఉండొచ్చు. ఆయన అబద్ధం మాత్రం ఆయనదే. రెండూ ఒకే త్రాసులో పెట్టకండి" అన్నారు. ఇలాంటి స్థితిలో ఉన్న ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఆ మాట గుర్తుపెట్టుకోమని నా మనవి.

ఆవిడ ఇంకో బొమ్మ గీసి చూపించారు. షర్లీ గ్లాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు వాడిన పోలిక అది. కాపురంలో భార్యాభర్తల మధ్య కిటికీ ఉండాలి, బయటివాళ్ళకూ వాళ్ళకూ మధ్య గోడ. సంబంధం పెట్టుకున్నప్పుడు ఇది తిరగబడుతుంది. బయటి మనిషికి కిటికీ తెరుచుకుంటుంది, ఇంట్లో మనిషికి గోడ లేస్తుంది. మా ఇంట్లో ఆ గోడ ఆ ఆఫీసు ఆవిడ రాకముందే ఉంది. ఆయన దాన్ని పన్నెండేళ్ళప్పుడు సిక్ రూములో కట్టుకున్నాడు.

అందుకే ఇంట్లో చెయ్యమన్న పని చూడటానికి చాలా చిన్నది. రోజూ రాత్రి పిల్లాడు పడుకున్నాక, ఆ రోజు తనను భయపెట్టిన విషయం ఒకటి ఆయన నాకు చెప్పాలి. నేను సలహా ఇవ్వకూడదు, ఏడవకూడదని కాదుగానీ, ఏడ్చినా లేచి వెళ్ళకూడదు. మొదట్లో ఆయనకు ఏమీ దొరికేది కాదు. "ట్రాఫిక్" అనేవాడు. "మేనేజరు" అనేవాడు. ఆ గదిలో కంటే ఆ పది నిమిషాలే మాకు కష్టంగా గడిచేవి. ఒక్కోరోజు కోపంతో నేనే తలుపు వేసుకునేదాన్ని. నాకు ఇచ్చిన పని ఫోనుకు సంబంధించింది. ఆయన పాస్‌వర్డు ఇచ్చేశాడు. చూడొద్దని మేడమ్ అనలేదు. చూసేముందు, "నాకు ఇప్పుడు ఫలానా భయం వేస్తోంది" అని ఆయనతో నోటితో చెప్పి, అప్పుడు చూడమన్నారు. నాకది జేబులు వెతకడం కంటే వెయ్యి రెట్లు కష్టమైంది. వెతకడం నాకు వచ్చు. అడగడం ఎవరూ నేర్పలేదు.

ఎన్నో నెలలకు, ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆయన ఫోన్ చేశాడు. హెల్త్ చెకప్ రిపోర్టు వచ్చిందట. "షుగర్ బోర్డర్లో ఉందంటున్నారు. నాకు భయంగా ఉంది, నీకు చెప్పాలనిపించింది." అంతే. నేను లిఫ్టు దగ్గర నిలబడి "సరే, సాయంత్రం మాట్లాడుకుందాం" అన్నాను. గొంతు వణికింది. మా మధ్య నమ్మకం తిరిగొస్తుందేమోనని నాకు మొదటిసారి అనిపించింది ఆ ఫోను తర్వాతే, ఆయన పెట్టిన ఒట్లతో కాదు.

గత వేసవిలో మామయ్య మా అబ్బాయికి ఒక రెసిడెన్షియల్ స్కూలు అప్లికేషను పట్టుకొచ్చారు. ఐఐటీ ఫౌండేషను, ఆరో తరగతి నుంచి. సీటు దొరకడమే కష్టమట, తెలిసినవాళ్ళతో చెప్పించారట. మా ఆయన "వద్దు నాన్నా" అన్నాడు.

"నువ్వు చదవలా? నీకేం తక్కువైంది? మేమేం తక్కువ చేశాం?"

"మీరేం తక్కువ చెయ్యలేదు. నాకు భయమేస్తే చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరు నాన్నా. కామెర్లొచ్చినప్పుడు కూడా చెప్పలేదు మీకు."

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. తలెత్తి, "కామెర్లేంట్రా?" అన్నారు. ఆవిడకు అప్పటిదాకా తెలియదు. ఆ పూట ఆవిడ కొడుకు పక్కన కూర్చుని, ఎన్నో నెల, ఎన్ని రోజులు, ఏం తిన్నావు, ఎవరు చూశారు అని ఒక్కొక్కటీ అడిగారు. నాతో అన్న మాటకు ఆవిడ ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ రోజు ఆవిణ్ణి చూసి నా కోపం సగం కరిగింది. పిల్లల్ని దూరం పంపిన తల్లులందరూ రాతిగుండెలవాళ్ళు కారు. పదో తరగతి ఫెయిలైన మామయ్యకు కొడుకు ఇంజనీరు కావాలన్నది తప్ప ఇంకో దారి కనిపించలేదు. మా అబ్బాయి మా కాలనీ దగ్గరి స్కూల్లోనే ఆరో తరగతిలో చేరాడు.

మా అమ్మతో జరిగిన మాటలు ఇంకా కష్టమైనవి. జేబుల సంగతి ఎత్తాను. నింద వెయ్యాలని కాదు, నాకు గుర్తుందని చెప్పాలని. అమ్మ చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూర్చుంది. "ఇంకెవర్ని చూడమనను? నాకెవరున్నారు?" అంది. నిజమే. ఎనిమిదేళ్ళ నేను తప్ప ఆవిడకు ఎవరూ లేరు. సర్దుకుపొమ్మన్న ఊరు ఆవిడకు తోడుగా ఒక్కరినీ ఇవ్వలేదు.

ఇప్పుడు మేం మూడు నెలలకోసారి వెళ్తున్నాం. ఆయన ఆలస్యమైతే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది. ఫోన్ చేసి ఆ మాటే చెబుతాను. ఆయన విసుక్కున్న రోజులూ ఉన్నాయి, ఆగి విన్న రోజులూ ఉన్నాయి, రెండోవి పెరిగాయి. క్షమించావా అని దగ్గరివాళ్ళు అడుగుతుంటారు. ఇంకా తేలలేదని చెబుతాను, ఆయనకూ అదే చెప్పాను. నాన్న పోయి ఆరేళ్ళయింది. మొన్న అమ్మ ఫోన్ చేసి, "మీ మేడమ్ నాలాంటి ముసలిదాంతో మాట్లాడతారా?" అని అడిగింది. మాట్లాడతారని చెప్పి, వచ్చే నెలకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.